చట్టిలో పాలు

తాడేపల్లిగూడెం,
మార్చి 9.

పిన్నీ,

ముందు మీ మనవరాలికి ముద్దులు, తర్వాత మీకు దణ్ణాలు, ఆపైన నా గొప్పలు. బుజ్జిదానికి నెల నిండిందని అమ్మ చెప్పింది. ప్రసన్న పథ్యం తింటోందా, లేక మీ కన్నుగప్పి ఆవకాయ నాకుతోందా? కోడల్ని మరీ భయపెట్టకండి, పాపం.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. మీ ఇంట్లో ఫోనంటే స్పీకరే, చెరువు గట్టు మీద కాపలావాళ్ళకి కూడా వినపడుతుంది. పైగా హాస్టల్ రోజుల్నుంచీ ఏ సంతోషమైనా మీకు కాగితం మీద చెబితేనే నాకు చెప్పినట్టుంటుంది.

సంగతేంటంటే, మీ చేల చివర పాత ఊరు పూడిపోయిన పాటిదిబ్బ నా పేరు నిలబెట్టేలా ఉంది! కిందటేడు మా కాలేజీ తరఫున అక్కడ తవ్వుతుంటే బాబాయి గట్టు మీద కుర్చీ వేసుక్కూర్చుని, "రెండువేల ఏళ్ళ కిందటోళ్ళు ఏం తిన్నారో మీకెవరు చెప్తారే, మెనూ కార్డు గానీ పాతిపెట్టారా?" అని ఏడిపించారు గుర్తుందా? వాళ్ళే చెప్పారని చెప్పండి ఆయనకి. దిబ్బ మట్టిని నీళ్ళ తొట్టిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలాయి, చూస్తే వడ్లు. చేప తలలో చిన్న రాయి ఉంటుంది, దాన్ని కోసి చూస్తే ఆ చేపని ఏ కాలంలో పట్టారో తెలుస్తుంది. మనుషుల పళ్ళకి పట్టిన గార గీకితే అందులో దుంపల పిండి దొరికింది. పళ్ళు సరిగ్గా తోముకోని వాళ్ళందరికీ చేతులెత్తి మొక్కాలి నేను.

అన్నిటికన్నా గట్టి సాక్షి కుండ. మట్టికుండలో ఏది వండినా దాని కొవ్వు గోడలోకి ఇంకిపోతుంది. మీరు చేపల పులుసు చట్టిలో పాలు కాచరు కదా, ఎందుకు? ఎంత తోమినా వాసన పోదు గనక. ఆ సంగతే మా ల్యాబ్ వాళ్ళు ముక్కుతో కాకుండా మిషన్‌తో పట్టుకుంటారు. అందుకే మేం దొరికిన కుండల్ని కడగం, ఉత్త చేతులతో ముట్టుకోం.

అక్టోబరు తుఫానుకి, తవ్వినవి పెట్టుకునే మా షెడ్డులోకి నీళ్ళొస్తే కొన్ని పెట్టెలు మీ ఇంట్లో రెండ్రోజులు దాచాను చూడండి, అందులో వెడల్పు మూతి చట్టి ఒకటుంది. సమాధిలో ఒక ఆడమనిషి తల దగ్గర దొరికిన చట్టి. దాని లోపలి గోడ కాస్త గీకి, ఆ పొడి ల్యాబ్‌కి పంపాం. నిన్న మొదటి కబురొచ్చింది. పాల కొవ్వు, పిన్నీ! కొల్లేటి ఒడ్డున చేపల మీదే బతికారనుకున్నవాళ్ళకి పాడి కూడా ఉందన్నమాట. మా తవ్వకాలకి పెద్దాయన శేషగిరిరావు గారు వచ్చే నెల చరిత్ర పండితుల సభలో నన్నే చెప్పమన్నారు. ఇది నిలబడితే నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. తొమ్మిదేళ్ళయింది ఆ మాట కోసం కూర్చుని.

మీ
గీత


గుండుగొలను,
మార్చి 21.

గీతమ్మా,

ఉత్తరం అందింది. బాబాయికి చదివి వినిపించాను. ఆ గార మాట దగ్గర నవ్వి, వెంటనే వెళ్ళి అద్దంలో పళ్ళు చూసుకున్నారు. బుజ్జిది బాగుంది. పొద్దంతా నిద్ర, తెల్లారుజామున కచేరీ. ప్రసన్న నాకు తెలీకుండా ఆవకాయ నాకిన మాట నిజమే, నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఒక సంగతి అడుగుతాను, తెలివితక్కువగా ఉంటే నవ్వుకో. ఆ పాలు అప్పటివేనని మిషన్ ఎలా చెబుతుందమ్మా? మధ్యలో ఎప్పుడో, ఎవరి చేతిలోంచో ఒలికినవి కాకూడదా? పెద్దవాళ్ళ ముందు నిలబడి చెప్పేది. ఇంకోసారి చూడమని అడుగు. తొందరపడకు తల్లీ.

మీ షెడ్డు చూసుకునే సాల్మన్ గారిని అడిగానని చెప్పు. తుఫాను రోజు నడుంలోతు నీళ్ళలో ఆ పెట్టెలు నెత్తిన పెట్టుకుని ట్రాక్టరు దాకా మోసింది ఆయనే కదా. వేడి నీళ్ళు పెడతానన్నా ఆగలేదు ఆ మనిషి.

ఇంకేం లేవు విశేషాలు. ఈమధ్య కాళ్ళు లాగుతున్నాయి, అంతే.

పిన్ని


తాడేపల్లిగూడెం,
జూన్ 14.

పిన్నీ,

మీరు అన్నంత పనీ అయింది. సభలో చెప్పేశాను, చప్పట్లు కొట్టించుకున్నాను, పేపర్లో ఫోటో కూడా పడింది. పోయిన వారం ల్యాబ్ నుంచి రెండో రిపోర్టు వచ్చింది. పాల కొవ్వు మాట నిజమేనట. కానీ రెండువేల ఏళ్ళది కాదట, ఏడాదిలోపుదట. మట్టిలో అన్నేళ్ళున్న కొవ్వు విరిగిపోయి, అరిగిపోయి ఉంటుంది. ఇది నిన్న మొన్నటి పాలలా ఉందని రాశారు. ఆ కొత్త పాల కింద అసలు పాత కొవ్వు ఏముందో ఇక తేల్చలేమన్నారు. అది ఒక్కటే, పిన్నీ, ఆ దిబ్బలో పగలకుండా దొరికిన చట్టి.

తల కొట్టేసినట్టయింది. చప్పట్లు కొట్టినవాళ్ళకే ఉత్తరం రాసి, తప్పయిందని చెప్పుకున్నాను.

శేషగిరిరావు గారు అందర్నీ కూర్చోబెట్టారు. షెడ్డు తాళాలు సాల్మన్ గారి దగ్గరే ఉంటాయి. అక్కడ బల్ల కింద చిన్న స్టవ్వూ, టీ గ్లాసూ కనపడ్డాయి. చల్లగా ఉంటుందని పాల ప్యాకెట్టు ఆ చట్టిలో పెట్టి ఉంటాడు, అది కారి ఉంటుంది అన్నారు ఎవరో. అందరూ అవునంటే అవునన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్టరు ప్రకారం ఆ చట్టి షెడ్డు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి ఇంకొకరిని అనడానికి కూడా లేదు. "నేను పెట్టలేదండి" అన్నారాయన, ఒక్కసారే. మర్నాటి నుంచి రావద్దన్నారు.

ఆరేళ్ళు మాతో పనిచేసిన మనిషి. పెంకు అంచు తడిమి కుండ ఎంత వెడల్పో చెప్పేవారు. ఇప్పుడు ఏలూరు చేపల మార్కెట్లో ఐసు దిమ్మలు మోస్తున్నారట. యాభై దాటాయి ఆయనకి.

నేను మాత్రం ఏం చెయ్యగలను చెప్పండి?

గీత


గుండుగొలను,
జూలై 3.

గీతమ్మా,

నీ ఉత్తరం చూశాను. జవాబు ఆలస్యమైంది.

మావాడు హేమంత్ గూడెం వస్తుంటే ఎండు చేపలూ, కొత్తావకాయా పంపుతున్నాను. బాగా తిను, చిక్కిపోయావని అమ్మ చెప్పింది. సాల్మన్ గారికి పిల్లలున్నారా? ఇల్లు సొంతమేనా? ఊరికే అడుగుతున్నాను.

బుజ్జిది బోర్లా పడుతోంది. బాబాయి దాని పక్కన తనూ బోర్లా పడుకుని చూపిస్తున్నారు.

పిన్ని


గుండుగొలను,
ఆగస్టు 19.

గీతా,

నువ్వు జవాబు రాయకుండానే రాస్తున్నాను. ఈసారి రాయకపోతే ఇక రాయలేను.

నిన్న బుజ్జిదానికి టీకా వేయించడానికి ఏలూరు వెళ్ళాం. పనయ్యాక ప్రసన్నని ఆటోలో కూర్చోబెట్టి కొర్రమీను తీసుకుందామని మార్కెట్లోకి వెళ్ళాను. గోనెపట్టా భుజాన వేసుకుని, దాని మీద ఐసు దిమ్మ, ఆ నీళ్ళు చొక్కా అంతా కారుతూ సాల్మన్ గారు ఎదురొచ్చారు. నేను మొహం తిప్పుకున్నాను. అవును, తిప్పుకున్నాను. ఆయనే దిమ్మ దించి, "బాగున్నారాండమ్మా? పాపాయి పుట్టిందంట కదండి!" అన్నారు. ఆటో దాకా వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని, అయినా తడిగా ఉన్నాయని పిల్లని ముట్టుకోకుండా దూరం నుంచే చూసి, "దేవుడు చల్లగా చూడాలండి" అన్నారు. నేను చేప కొనకుండా వచ్చేశాను.

ఆ చట్టిలో పాలు పోసింది నేనే గీతా.

తుఫాను వెళ్ళిన మర్నాడు పొద్దున. నువ్వూ, సాల్మన్ గారూ షెడ్డులో నీళ్ళు తోడ్డానికి వెళ్ళారు. ముందురోజు అన్నం తింటూ నువ్వు నాతో చెప్పావు, ఆ చట్టి పాతికేళ్ళ ఆడమనిషి తల దగ్గర దొరికిందని, బహుశా పురిట్లో పోయి ఉంటుందని. నీకది చదువు. ప్రసన్నకప్పుడు అయిదో నెల. రెండుసార్లు కడుపు పోయాక నిలిచిన పిల్ల. ప్రసన్న పడుకునే గది గోడ పక్కనే నువ్వు పెట్టించిన పెట్టె. ప్రసన్న వినలేదు, నేను విన్నాను. ఆ రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు.

బయట పెట్టించలేను, వాన. నిన్ను తీసెయ్యమనలేను, నీ కష్టం చూశాను. కొత్తింట్లో పాలు పొంగిస్తే అది మన ఇల్లవుతుంది కదా. ఆ చట్టిని కూడా అలా మన వంటింటి చట్టిని చేసేస్తే చాలనుకున్నాను. నీళ్ళు తగలకూడదన్నావు. ఒట్టేసి చెబుతున్నా, చుక్క నీళ్ళు తగలనివ్వలేదు. సెగ మీద పెడితే పగిలిపోతుందని గిన్నెలో పాలు కాచి, తెర్లుతున్నవి తెర్లుతున్నట్టే అందులో పోసి, అంచు దాటి పొర్లనిచ్చాను. ఆ ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను, నీ దారి నీది, మా పిల్లని వదిలెయ్యి తల్లీ అని. తర్వాత పొడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, నువ్వు దూది ఎలా సర్దావో అలాగే సర్దేశాను. చాలా జాగ్రత్తగా చేశాననుకున్నాను కూడా!

మార్చిలో నీ ఉత్తరం చదవగానే చెప్పి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేది. నీ సంతోషం పాడు చెయ్యలేకపోయాననీ, ప్రసన్న దిగులు పెట్టుకుంటుందనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అదేం కాదు, సిగ్గేసింది. జూన్లో మాత్రం సిగ్గు కాదు, భయం. నా పాపం ఆయన మోస్తున్నారని తెలిసి ఎండు చేపలు పంపాను నీకు.

ఇంకొకటి. ఆ చట్టి షెడ్డు దాటి ఎక్కడికీ వెళ్ళలేదని రాశావు. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, హమ్మయ్య అనిపించింది. నువ్వు అలా ఎందుకు రాశావో నేను అడగను.

పిన్ని


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 27.

పిన్నీ,

చుక్క నీళ్ళు తగలనివ్వలేదా! అయ్యో రామా, బిందెడు నీళ్ళు పోసినా బాగుండేది! మీకు అన్నీ విడమరిచి చెప్పింది నేను, తాళం వెయ్యకుండా వెళ్ళింది నేను, అయినా మీ మీద కోపంతో రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో రోజుకి ఆ కోపం ఎవరి మీదో తెలిసింది.

మీరు అడగనన్నారు, నేను చెప్పాలి. శేషగిరిరావు గారి సంతకం లేకుండా ఏ వస్తువూ షెడ్డు దాటకూడదు. ఆ రోజు ఫోన్లు పనిచెయ్యలేదు, నీళ్ళు పెరుగుతున్నాయి, తెచ్చేశాను. తప్పేం కాదు, ఎవరైనా అదే చేస్తారు. తిరిగొచ్చాక సాల్మన్ గారు రిజిస్టరు తీసి, "గుండుగొలను వెళ్ళొచ్చాయని రాయమంటారా మేడమ్?" అని అడిగారు. "వద్దులెండి, తెచ్చేశాం కదా" అన్నాను. పర్మనెంటు ఫైలు కదులుతున్న సమయంలో సంజాయిషీ ఎందుకులే అనుకున్నాను.

జూన్లో ఆ గదిలో, ఆ చట్టి ఎక్కడికీ వెళ్ళలేదని వాళ్ళంటున్నప్పుడు ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఆయనకి తెలుసు. నాకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు, ఆయన అనలేదు, నేను అంటానని ఆగారు. నేను ఫైల్లో కాగితాలు తిరగేసుకున్నాను.

మీ మార్చి ఉత్తరం చదివినప్పుడే నాకు అనుమానం తగిలింది పిన్నీ. ఆ పాలు ఎప్పటివని మీరు ఊరికే అడగరు. అందుకే మిమ్మల్ని తిరిగి అడగలేదు. మీరు చెప్పేస్తే నేను వినాల్సొస్తుంది.

సెప్టెంబరు పదిహేనున ఇంటర్వ్యూ. ఎన్నాళ్ళాగానో మీకు తెలుసు. అది కానివ్వండి, పదహారున నేనే వెళ్ళి అంతా చెప్పేస్తాను. మూడు వారాలే కదా.

గీత


గుండుగొలను,
సెప్టెంబరు 4.

గీతా,

నీ పదిహేనో తారీకు దాకా ఆయన ఐసు మొయ్యాలా? బాగుందమ్మా లెక్క. నిన్ను అనే మొహం నాకు లేదనుకో. పది నెలలు నోరు మూసుక్కూర్చున్నదాన్ని నీకు మూడు వారాలు ఎక్కువని ఎలా చెప్పను? కానీ నేను ఆగలేకపోయాను.

ముందు ప్రసన్నకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అంతా విని, "ఇందుకా అత్తయ్యా మీరిన్నాళ్ళూ సరిగా తినందీ! నాకు చెబితే నేనూ వచ్చి దణ్ణం పెట్టేదాన్ని కదా" అని, పిల్ల లేచిందని వెళ్ళిపోయింది. ఎవరి కోసం భయపడ్డానో ఆ పిల్ల నాకన్నా నిబ్బరంగా ఉంది.

తర్వాత బస్సెక్కి ఏలూరు వెళ్ళాను. తంగెళ్ళమూడిలో వాళ్ళ ఇల్లు. సాల్మన్ గారు కుర్చీ వేసి, తను గుమ్మం మీద కూర్చున్నారు. చెప్పాను. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి వింది. ఒక్క మాట తిట్టినా తేలికపడేదాన్ని. "చంటిబిడ్డ కోసం చేశారు, పోనివ్వండమ్మా" అన్నారాయన. భార్య మాత్రం లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడే సరిగ్గా చేసిందనిపించింది నాకు.

నేను పోసిన పాల సంగతే చెప్పాను. రిజిస్టరు సంగతి ఎత్తలేదు. ఎత్తినా ఆయనకి కొత్త కాదు. అది నీ నోటంట ఆయన వినాలి.

పిన్ని


ఏలూరు బస్టాండు,
సెప్టెంబరు 13.

పిన్నీ,

బస్సుకి ఇంకా టైముంది, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని దాని మీద రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకోండి.

మొన్న శేషగిరిరావు గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. రిజిస్టరు తెప్పించి, ఆయన ముందే కిందటి అక్టోబరు పేజీలో ఆ రోజు తేదీయే వేసి, ఆ పెట్టెలు ఎక్కడికి వెళ్ళాయో, ఎవరు తీసుకెళ్ళారో, ఎందుకు రాయలేదో రాసి సంతకం పెట్టాను. ల్యాబ్‌కి కూడా రాశాను. మీ పేరు రాయలేదు, మా బంధువుల ఇల్లు అని రాశాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఈ ఏడాది ఇంటర్వ్యూకి రావద్దులేమ్మా" అన్నారు. వచ్చే ఏడాది సంగతి చెప్పలేదు. సాల్మన్ గారిని తిరిగి రమ్మని కాగితం మాత్రం వెంటనే ఇచ్చారు. అది పట్టుకుని ఇవాళ తంగెళ్ళమూడి వెళ్ళాను.

కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను తప్పు ఒప్పుకుంటుంటే మధ్యలోనే ఆపేశారు. "రిజిస్టరు సంగతికి నేనేం అనుకోలేదండి. ఉద్యోగం పోతుందంటే ఎవరికైనా నోరు పెగలదు. నాకూ పెగల్లేదు కదండి" అన్నారు. అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆగలేదు.

"ఒక్కటే అర్థం కాలేదండి మేడమ్. నాకు పాలు పడవండి. కడుపులో మెలిపెట్టేస్తది. ఆరేళ్ళూ ఆ షెడ్డులో ఉత్త డికాక్షనే కాచుకున్నాను, మీ బల్లకి ఎదురుగా కూర్చునే తాగాను. ఆ మాట నేనంటే తప్పించుకోడానికి అంటున్నాననుకుంటారు. అక్కడున్నోళ్ళలో అది తెలిసింది మీకొక్కరికే కదండి. చట్టి ఎక్కడికెళ్ళిందో మీరు చెప్పకపోయినా, ఈయన పాలు తాగడండీ అని ఆ ఒక్క ముక్కా అంటారని చూశానండి మీ వైపు."

పిన్నీ, ఆయన చూసింది రిజిస్టరు కోసం కాదు.

ఆ ముక్క నేను అనలేనుగా, నాకు తెలీదు. ఆయన ముందు తెలుసన్నట్టు తల దించుకున్నాను గానీ, మీ దగ్గర అబద్ధమెందుకు, నిజంగా తెలీదు. ఆరేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషి గ్లాసులోకి నేను ఒక్కసారి కూడా చూడలేదు.

గీత